చదివి వినిపించగా ఒప్పుకొని: చికాకోలు సీమలో తగవులు, దుబాసీలు, రాజీలు

మన ఇళ్ళల్లో పెట్టెల అడుగున దాచిపెట్టిన పాత దస్తావేజులు తీసి చూస్తే వాటి చివర తరచుగా ఒక మాట కనబడుతుంది. చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొని నిశానీ చేసినారు అని ఆ మాట. వ్రాసే గుమాస్తాకు అది చెయ్యి తిరిగిన మాట. కలం ఎత్తకుండానే వ్రాసేస్తాడు. కాని ఆ ఒక్క వాక్యం వెనుక మూడు ప్రశ్నలు ఉన్నాయి. చదివినది ఎవరు? ఏ భాషలో వినిపించినారు? విన్నవారికి నిజంగా అర్థమైనదా?

శ్రీకాకుళం, విజయనగరం సీమలో తగవులు ఎలా తీరినవి, ఎందుకు తీరలేదు అన్న చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో పరిశీలించాలని మా ఉద్దేశం. ఇది పాత కథ మాత్రమే కాదు. భార్యాభర్తల తగవు, అన్నదమ్ముల పంపకం, ఇంటి గోడ హద్దు, అప్పు పత్రం, ఏదైనా ముందు పెద్దమనుషుల దగ్గరకే వస్తుంది. ఆ పెద్దమనుషులలో ఉర్దూ వచ్చినవారుంటారు, రానివారుంటారు. దూదేకుల సోదరుల ఇళ్ళలో తెలుగే తల్లిభాష. ఇంకొకరి ఇంట్లో దక్కనీ ఉర్దూ. కోర్టులో కాగితం తెలుగులో ఉంటుంది, పై కోర్టులో ఇంగ్లీషు. ఒకే తగవు ఇన్ని భాషలు దాటి వెళ్ళాలి. దాటేటప్పుడు ఎక్కడో ఒక మాట జారిపోతే న్యాయం కూడా జారిపోతుంది.

రెండు భాషల ఫర్మానాలు

చికాకోలు అనేది శ్రీకాకుళానికి పాత పేరు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది ఫౌజుదారు ఉండే పట్టణం. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ పట్టణంలో ఉన్నది. తరువాత నిజాము ఏలుబడిలో ఇక్కడ ఫౌజుదారుగా పనిచేసిన అన్వరుద్దీన్ ఖాన్ 1744లో ఆర్కాటు నవాబు అయినాడు.

ఆ ప్రభుత్వపు దొరతనం భాష పారశీకం. ఊళ్ళో లెక్కలు వ్రాసే కరణం భాష తెలుగు, ఎగువన ఒడియా. రైతుకు పారశీకం రాదు, కచేరీ మున్షీకి తెలుగు లెక్కలు అందవు. ఈ చిక్కును ఆనాటివారు ఎరుగకపోలేదు. గోల్కొండ సుల్తానుల ఫర్మానాలు కొన్ని పారశీకంలోను, దాని క్రిందనే తెలుగులోను, రెండు భాషలలో వ్రాయబడినవి. ఏలేవాడు తన మాటను ఏలబడేవాడి భాషలో కూడా చెప్పవలెనన్న గ్రహింపు ఆ కాగితాలలో ఉన్నది.

అలాగే దక్కను సుల్తానుల కాలంలో మహజరు అనే పద్ధతి ఉండేది. ఊరి పెద్దలు, కరణాలు, కొన్నిచోట్ల ఖాజీ, అందరూ ఒకచోట కూడి తగవు విని, తీర్పు కాగితం వ్రాసి, ఎవరి లిపిలో వారు చేవ్రాలు పెట్టేవారు. చేవ్రాలు రానివారు గుర్తు వేసేవారు. ఈనాడు పోలీసువారు పంచులను పిలిచి వ్రాసే మహజరు ఆ మాటకు మిగిలిన ముక్కే. పదం నిలిచింది గాని, అందరినీ కూర్చోబెట్టి తగవు తీర్చే పని అందులోంచి పోయింది.

బొబ్బిలి నేర్పిన పాఠం

పెద్ద తగవులో మాట మోసేవాడి చేతిలో ఎంత బలం ఉంటుందో తెలుసుకోవాలంటే బొబ్బిలి దాకా వెళితే చాలు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. ఆ నాలుగు సర్కారులలో చికాకోలు ఒకటి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఇక్కడికి వచ్చేసరికి విజయనగరం పూసపాటివారికీ బొబ్బిలి వెలమ దొరలకూ చిరకాలంగా తగవు నడుస్తూ ఉన్నది. సరిహద్దులు, నీళ్ళు, పౌరుషం అన్నీ అందులో కలిసినవి.

బుస్సీ ఫ్రెంచివాడు. ఈ సీమలో ఎవరి హక్కు ఎంతో, ఎవరి మాట నిజమో అతనికి మధ్యవర్తుల ద్వారానే తెలియాలి. దివాను హైదర్ జంగ్ నోటితోను, విజయరామరాజు నోటితోను అతడు సంగతి విన్నాడు. ఆ విజయరామరాజు తగవులో ఒక కక్షి. తగవు తీర్చవలసినవాడికి ఒక కక్షే కళ్ళూ చెవులూ అయితే తీర్పు ఎటు పోతుందో వేరే చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిపోయింది. లోపలి ఆడవారు, పసిపిల్లలు కూడా బలి అయిపోయినారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుని చేతిలో విజయరామరాజు గుడారంలో చచ్చిపోయినాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మనవాళ్ళు అంటారు. ఇక్కడ పిట్టలు రెండూ పోయినవి. కొంతకాలానికి ఫ్రెంచి పిల్లి కూడా పోయింది.

బొబ్బిలి కథను మనం పౌరుషం కథగా చెప్పుకుంటాము. అది నిజమే. దానితో పాటు, రెండు వైపులా సమానంగా వినగలిగిన మధ్యవర్తి లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా అదే.

మౌల్వీ గారు, పండితుడు గారు

1766 నాటికి సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చినవి. 1802లో జమీందారీ శాశ్వత పైసలాతో పాటు జిల్లా కోర్టులు ఏర్పడినవి. ఆ కోర్టు జడ్జీ దొర. అతనికి మన శాస్త్రాలు రావు, మన షరియత్తు రాదు. అందుచేత ప్రతి జిల్లా కోర్టుకు ఒక పండితుణ్ణి, ఒక మౌల్వీని ధర్మాధికారులుగా నియమించినారు. పెళ్ళి, వారసత్వం తగవులలో హిందువులకు పండితుడు, ముస్లిములకు మౌల్వీ అభిప్రాయం వ్రాసి ఇచ్చేవారు. క్రిమినల్ విచారణలో అయితే ముద్దాయి ఏ మతంవాడైనా ముస్లిం ధర్మాధికారి ఫత్వా తీసుకొనేవారు.

ఈ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. దొరకు అర్థమయ్యేది అనువాదమే గాని అసలు కాదు. అయినా ఒక మేలు ఉండేది. కోర్టు గోడల లోపల కక్షిదారు భాష, ఆచారం తెలిసిన మనిషి ఒకడు కూర్చుని ఉండేవాడు. 1816లో మన్రో సంస్కరణలతో గ్రామ మునసబులు, గ్రామ పంచాయతీలు చట్టానికి ఎక్కినవి. ఊరి భాషలో, ఊరి చెట్టు క్రింద చిన్న తగవులు తేలాలన్నది అందులోని ఆశయం.

1837 నాటి చట్టం పారశీకాన్ని కోర్టుల నుండి తప్పించుటకు దారి తీసింది. 1862లో ఇండియన్ పీనల్ కోడ్ అమలులోకి వచ్చింది. 1864లో పండితుల, మౌల్వీల ఉద్యోగాలను, సర్కారు ఖాజీ నియామకాలను రద్దు చేసినారు. ఆ తరువాత పెళ్ళి పుస్తకం ఎవరు వ్రాయాలి, సాక్ష్యం ఎవరు చెప్పాలి అన్న చిక్కు వచ్చిపడింది. దానితో 1880లో ఖాజీల చట్టం చేసినారు. అది మొదట మన మద్రాసు రాజధానికే వర్తించినది. అయితే ఈ నియామకం వలన ఖాజీకి న్యాయాధికారం ఏమీ రాదని ఆ చట్టమే స్పష్టంగా చెప్పింది. అంటే తగవు తీర్చే ఖాజీ పోయి, నికాహ్ వ్రాసే ఖాజీ మిగిలినాడు. నికాహ్‌నామా ఉర్దూలో, దావా తెలుగులో, తీర్పు ఇంగ్లీషులో. మధ్యన విప్పి చెప్పేవాడి కుర్చీ ఖాళీ అయిపోయింది.

ముద్దాయి ఎవరు?

ఆ కుర్చీ ఖాళీ అయినా, అందులో కూర్చున్నవారు వదలి వెళ్ళిన మాటలు మన తెలుగులో ఉండిపోయినవి. వకీలు, వకాలతు, దావా, అర్జీ, ఫిర్యాదు, దస్తావేజు, దాఖలు, జప్తు, జామీను, అమీను, నకలు, హక్కు, ఇవన్నీ పారశీకం, అరబ్బీ నుండి వచ్చినవే. సంతబొమ్మాళి రైతైనా, సాలూరు షావుకారైనా ఈ మాటలు లేకుండా తగవు చెప్పుకోలేడు. మతాలు, కులాలు వేరైనా తగవు చెప్పుకొనే మాటలు ఒకటే అయినవి. మన పూర్వులు కలిసి బ్రతికినారనడానికి ఇంతకన్న పెద్ద శాసనం వెతుక్కోనక్కరలేదు.

కాని ఇందులోనే ఒక గుంట ఉన్నది. మాట ఇల్లు మారినప్పుడు అర్థం కూడా మారిపోతుంది. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అనగా వాది. పూర్తిగా తల్లకిందులు! ఉర్దూ ఇంట్లో పెరిగిన పెద్దావిడతో "మీరు ముద్దాయా?" అని తెలుగు గుమాస్తా అడిగితే, కేసు పెట్టినది తానే గనుక ఆమె అవునంటుంది. విన్నవాడు ఆమె మీదే కేసు ఉన్నదని అనుకుంటాడు.

రాజీనామా సంగతీ అంతే. అసలు అర్థం ఒప్పుదల పత్రం, ఇద్దరూ రాజీ పడి వ్రాసుకున్న కాగితం. ఉర్దూలో నేటికీ అదే అర్థం. ఉద్యోగం వదులుకోవడాన్ని ఉర్దూలో ఇస్తీఫా అంటారు. రెవెన్యూ కచేరీలలో రైతు తన భూమిని వదులుకుంటూ ఇచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనేవారు. వదులుకోవడం అన్న ఆ వాడుకే పెరిగి, తెలుగులో రాజీనామా అంటే కొలువు విడిచిపెట్టడం అయి కూర్చుంది. ఇక పెద్దమనుషుల ఎదుట ఒక అల్లుడు "రాజీనామా వ్రాసి ఇస్తాను" అంటే అత్తవారు ఏమనుకోవాలి? రాజీ పడతాడనా, పిల్లను వదిలేస్తాడనా?

ఇవి నవ్వుకోవడానికి బాగుంటాయి. కాగితం మీదకి ఎక్కితే మాత్రం నవ్వులాట కాదు. అందుకే తగవు తీర్చేవాడు రెండు భాషలు తెలిసినవాడైతే చాలదు. ఒకే మాట రెండు భాషలలో రెండు రకాలుగా ఎక్కడ పలుకుతుందో కూడా తెలిసినవాడై ఉండాలి.

కొండ మీది మాట

మైదానంలోనే ఇంత చిక్కు ఉంటే కొండమీద సంగతి చెప్పేదేమిటి! పర్లాకిమిడి, సీతంపేట కొండలలోని సవరల భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతోను, ఒడియాతోను దానికి చుట్టరికం లేదు. వారి ఊళ్ళల్లో తగవును గమాంగు అనే ఊరిపెద్ద, కులపెద్దలు కూర్చుని తీర్చుకొనేవారు. ఆ తగవు కొండ దిగి కచేరీకి వస్తే మాత్రం మనిషి మూగవాడై పోయేవాడు. అతని సవర మాటను మధ్యవర్తి తెలుగో ఒడియావో చేస్తే, గుమాస్తా దాన్ని కాగితం మీద పెడితే, దొర ఇంగ్లీషులో చదువుకునేవాడు. అప్పిచ్చిన షావుకారు, సారా అమ్మేవాడు, భూమి వ్రాయించుకునేవాడు, వీళ్ళలో ఎవరో ఒకరే చాలాసార్లు ఆ మధ్యవర్తికి చుట్టమో స్నేహితుడో అయి ఉండేవాడు.

1832 ప్రాంతంలో పర్లాకిమిడి, విశాఖపట్నం సీమలలో పితూరీలు చెలరేగినప్పుడు జార్జి రస్సెల్ దొరను ప్రత్యేక కమిషనరుగా పంపినారు. తరువాత 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుండి తప్పించి గవర్నరు ఏజెంటు క్రింద ఉంచింది. ఏజెన్సీ అన్న పేరు మనకు అక్కడినుండే వచ్చింది. మైదానపు కోర్టు పద్ధతి కొండవారికి సరిపడదని దొరతనం ఒప్పుకున్నది గాని, వారి భాష నేర్చుకోవాలన్న ఆలోచన మాత్రం చట్టంలో లేదు.

ఆ ఆలోచన ఒక బడిపంతులుకు వచ్చింది. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో చిన్న జీతానికి ఉపాధ్యాయుడుగా చేరినారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవరపిల్లల కోసం బడులు పెట్టించి, వారి భాషలోనే పుస్తకాలు వ్రాసినారు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పని 1931లో సవర వ్యాకరణంగాను, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువుగాను అచ్చయింది. తెలుగు బడిలో పిల్లవాడికి అర్థమయ్యే వాడుక భాషలో పాఠం చెప్పాలని పోరాడినదీ ఆయనే. రెండు పనులకూ మూలం ఒకటే. వినేవాడి భాషలోకి చెప్పేవాడు దిగి రావాలి. వినేవాడు ఎక్కి వచ్చేదాకా ఆగకూడదు.

అందరూ గిడుగు వారు కారు గదా! కొండవాడి వేలిముద్ర మైదానపు కాగితం మీద పడుతూనే ఉండేది. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివారి భూమి ఇతరులకు చేరకూడదన్నది. అయినా భూములు చేరుతూనే వచ్చినవి. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పులలో చనిపోయిన తరువాత శ్రీకాకుళం ఏజెన్సీ రగిలిపోయిన సంగతి దేశమంతా ఎరుగును. భూమి, అప్పు, కూలి అన్న తగవులను వినేవాడు లేక అవి తుపాకీ దాకా వెళ్ళినవి. 1970లో ఒకటవ రెగ్యులేషను ఒక కొత్త సూత్రం తెచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, అతడు వేరుగా రుజువు చేసేదాకా, గిరిజనుడి దగ్గరనుండి వచ్చినదేనని భావించాలి అన్నది. అనగా కాగితం చదవగలిగినవాడే రుజువు చేసుకోవాలి, చదవలేనివాడు కాదు.

పరదా వెనుక మాట

ఈ సూత్రం కొండమీదే పుట్టలేదు. మన ఆడవారి విషయంలో న్యాయస్థానాలు ఇంకా ముందే దీన్ని గుర్తించినవి. పరదాలో ఉండే స్త్రీ చేత ఎవరైనా ఒక పత్రం వ్రాయించుకుంటే, అందులోని సంగతి ఆమెకు విప్పి చెప్పినారనీ, ఆమె అర్థం చేసుకొని, తన ఇష్టంతోనే ఒప్పుకున్నదనీ రుజువు చేయవలసిన భారం ఆ పత్రం మీద ఆధారపడేవాడిదేనని ప్రీవీ కౌన్సిలు తీర్పులు చెప్పినవి. ఆ తీర్పుల నీడ పరదా లేని నిరక్షరాస్యులకు, వృద్ధులకు కూడా తరువాత అందింది. ఆచారం వల్ల నలుగురిలోకి రాని స్త్రీలను కోర్టుకు రమ్మని బలవంతపెట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉన్నది.

ఇది భాష సంగతి మాత్రమే కాదు, ఆచారం సంగతి. పెద్దల ఎదుట ఆడకూతురు తలవంచుకొని ఊరుకుంటే, అది మర్యాద. ఆ మర్యాదను ఒప్పుదల అని కాగితం మీద వ్రాసేస్తే, అది అన్యాయం. కొండవాడు దొర ఎదుట తల ఊపితే అది భయం. దానిని కూడా ఒప్పుదల అనే వ్రాసినారు. మౌనానికి అర్థం చెప్పే అధికారం ఏ దుబాసీకీ ఇవ్వకూడదు.

ఈనాటి పెద్దమనుషులకు మనవి

1974లో ఆంధ్రప్రదేశ్‌లో క్రింది కోర్టుల భాష తెలుగు అయింది. ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి తెలిసిన భాషలో విప్పి చెప్పాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 2024లో దాని స్థానంలోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఆ నిబంధన ఉన్నది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 1995లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడన్న సామెత తెలిసిన మనకు ఇది పెద్ద వరమే. కాని అప్పీలు లేదు గనుకనే, చేవ్రాలుకు ముందు చదివి వినిపించడం ప్రాణప్రదం. ఆ తరువాత అర్థం కాలేదంటే వినేవారు దొరకడం చాలా కష్టం.

ఇక కోర్టు బయట జరిగే రాజీల మాట. మతపరమైన ఫత్వాలకుగాని, దారుల్ ఖజాల తీర్పులకుగాని చట్టబలం లేదని, ఇష్టపడినవారు వాటిని పాటించవచ్చునే గాని ఎవరిమీదా రుద్దకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు. మన పెద్దల మాటకు బలం ఎప్పుడూ బంట్రోతు వల్ల రాలేదు, ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం వల్లనే వచ్చింది. దెబ్బలు, హింస, నేరం ఉన్న చోట పెద్దమనుషులు అడ్డుపడకుండా చట్టానికి దారి ఇవ్వాలి. కోర్టుకు వెళతానన్న ఆడకూతురిని ఆపకూడదు.

మిగిలిన తగవులలో, ఈ చరిత్ర చెప్పిన దానినిబట్టి మేము నాలుగు సంగతులు మనవి చేస్తున్నాము. ఒక కక్షి బంధువును రెండవ కక్షికి దుబాసీగా పెట్టవద్దు, బొబ్బిలిలో జరిగినది అదే. ఆడవారి మాటను ఆడవారి ద్వారా, వారి ఇంటి భాషలో, విడిగా కూర్చోబెట్టి వినండి. మహర్, ఇద్దత్, ఖులా వంటి మాటలు కాగితంలో వ్రాసేటప్పుడు ప్రక్కనే తెలుగులో అర్థం వ్రాయండి, డబ్బు అంకెలలోను అక్షరాలలోను వ్రాయండి. చివరిది అన్నిటికన్న ముఖ్యం. చదివి వినిపించిన తరువాత "అర్థమైందా?" అని అడగవద్దు. ఎవరైనా మొహమాటానికి అయిందనే అంటారు. "మీరు ఏమి ఒప్పుకున్నారో మీ మాటలతో చెప్పండమ్మా" అని అడగండి. ఆమె చెప్పినదీ, కాగితంలో ఉన్నదీ ఒకటైతే అప్పుడు కలం తీయండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. తగవు తీర్చేచోట చెవి కూడా మంచిదై ఉండాలి. ఈ సీమలో మనం కొద్దిమందిమి. తగవుకు ఒక ఇల్లు చీలినా అది మనకు తెలుస్తుంది, ఒక ఇల్లు నిలబడినా తెలుస్తుంది. చదివి వినిపించగా ఒప్పుకొని అని మన చేతులతో వ్రాసే ప్రతి కాగితం మీదా ఆ మాట నిజమై ఉండేలా చూసుకోవడం మన చేతిలోని పనే. అది చేతనైనంత మేర చేయవలెనని సోదర సోదరీమణులకు మా విన్నపం.